రీఫ్ ట్యాంక్‌కి ఎన్నాళ్లు ఆగాలి? దేనికోసం ఆగాలి?

ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ ముందుగా వినిపించే మాట "ఓపిక పట్టండి". మాట మంచిదే. కానీ దేనికోసం ఆగాలో, ఎన్నాళ్లు ఆగాలో, ఆగిన రోజుల్లో ఏం చూడాలో చెప్పకపోతే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నీళ్లు తేటగా ఉన్నాయి, పంపు తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, ఇంకా ఆగడం ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. చేపలూ పగడాలూ చనిపోయేది కూడా అలాంటి తేట నీళ్లలోనే.

కొత్త రీఫ్ ట్యాంక్‌లో, అంటే రాళ్లూ పగడాలూ చేపలూ కలిసి ఉండే ఉప్పునీళ్ల తొట్టిలో, కంటికి కనపడని పనులు కొన్ని ఒకేసారి నడుస్తుంటాయి. వాటిలో ఒక్కోదాని వేగం ఒక్కో రకం. వ్యర్థాలను తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. రాళ్ల పైపొర స్థిరపడడానికి నెలలు కావాలి. చేపలతో వచ్చిన పరాన్నజీవి పూర్తిగా నశించాలంటే రెండున్నర నెలలు. పగడాలు ఎంత కాల్షియం, ఎంత ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల నిల్వ) వాడుకుంటున్నాయో తెలుసుకుని, ఏ ఒడుదొడుకూ లేకుండా అందించడం అలవాటు కావడానికి ఏడాది దాకా పట్టవచ్చు. మొదటి పని పూర్తి కాగానే అన్నీ అయిపోయాయనుకుని జీవాలను నింపెయ్యడంతోనే అసలు కష్టాలు మొదలవుతాయి.

ముందు జీవాలు, తర్వాతే గాజు తొట్టి

చాలామంది ముందు ట్యాంక్ కొంటారు, తర్వాత అందులో ఏం పెట్టాలా అని ఆలోచిస్తారు. దీన్ని తిరగెయ్యాలి. ఏ చేపలు, ఏ పగడాలు కావాలో ముందు కాగితం మీద రాసుకుంటే ట్యాంక్ పొడవు, లైటు బలం, నీటి ప్రవాహం వాటంతట అవే తేలిపోతాయి. మష్రూమ్, లెదర్ లాంటి సాఫ్ట్ కోరల్స్ (రాతి ఎముక లేని మెత్తటి పగడాలు) చాలు అనుకుంటే 50 నుంచి 100 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు సరిపోతుంది. యూఫీలియా లాంటి ఎల్‌పీఎస్ (పెద్ద నోళ్ల రాతి పగడాలు) రకాలకు 75 నుంచి 150. అక్రొపోరా లాంటి కొమ్మల పగడాలు కావాలంటే 200 నుంచి 350 దాకా వెళ్లాలి, గంటకు ట్యాంక్ నీటికి 20 నుంచి 40 రెట్లు తిరిగేంత ప్రవాహం ఉండాలి. సాఫ్ట్ కోరల్స్ కోసం కొన్న లైటు కింద అక్రొపోరా పెట్టి, రోజురోజుకీ గోధుమరంగుకు తిరుగుతుంటే నీళ్లలో లోపం వెతకడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

చేపల విషయంలో చదవాల్సినవి ప్రధానంగా మూడు: పెద్దయ్యాక ఎంత పొడవవుతుంది, ఏం తింటుంది, ఎవరితో పడదు. అమ్మేటప్పుడు 5 సెంటీమీటర్లు ఉండే బ్లూ ట్యాంగ్ పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రోజంతా ఈదుతుంది. మీటరు పొడవు ట్యాంక్ దానికి ఇరుకు గది. మాండరిన్ చేప అందం చూసి ఆగడం కష్టం, కానీ అది పొద్దస్తమానం రాళ్ల మీద పాకే కోపిపాడ్‌లు అనే చిన్నచిన్న జీవులనే ఏరుకుని తింటుంది. కొత్త ట్యాంక్‌లో అవి సరిపడా ఉండవు. మేత వేస్తున్నామన్న ధీమాలో మనం ఉండగానే అది నెమ్మదిగా ఎండిపోయి చచ్చిపోతుంది. నారింజ రంగులో మెరిసే సన్ కోరల్ సంగతీ అంతే. మనం పెంచే చాలా పగడాల ఒంట్లో వెలుగుతో ఆహారం తయారుచేసే సూక్ష్మ నాచు ఉంటుంది, దీనికి అది లేదు. నోరు నోరుకీ విడిగా మేత పెట్టాలి. అంగడిలో అన్నిటికన్నా అందంగా కనపడే జీవాల్లో కొన్ని పెంచడానికి అన్నిటికన్నా కష్టమైనవని గుర్తుంచుకుంటే కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయి.

చదవాల్సిన వాటిలో చట్టం కూడా ఉంది. రాతి ఎముక కట్టే పగడాలన్నీ అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. కొన్ని దేశాలు ఇంకా కఠినమైన నియమాలు పెట్టాయి. మీరుండే చోట ఏది ఉంచుకోవచ్చో, దేనికి పత్రాలు కావాలో ముందే తెలుసుకోండి. దొరికే చోట ట్యాంక్‌లో పుట్టి పెరిగిన చేపలనూ, పెంచిన పగడాల ముక్కలనూ ఎంచుకోండి. అవి వేసే మేతకు అలవాటుపడి ఉంటాయి, సముద్రం మీద భారమూ తగ్గుతుంది.

ఎవరి సలహా వినాలన్నది ఇంకో చిక్కు. సలహా ఇచ్చేవారి ట్యాంక్ వయసు అడగండి. మూడు నెలల ట్యాంక్ ఫొటో ఎంత బాగున్నా దానివల్ల రుజువయ్యేది ఏమీ లేదు. మూడేళ్లుగా ఒకే ట్యాంక్ నడుపుతూ లెక్కలు రాసుకున్నవారి పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా పాటించడం, పదిమంది దగ్గర తలా ఒక ముక్క ఏరుకోవడం కన్నా ఎంతో మేలు. ఎందుకంటే ఒకరి మేత మోతాదు, వారి స్కిమ్మర్ (నురగతో వ్యర్థాలు తీసే పరికరం), వారి నీటి మార్పిడి ఒకదానికొకటి సరిపోయేలా కుదిరి ఉంటాయి. ఒక ముక్క ఊడదీసి వేరేచోట తగిలిస్తే పని చెయ్యదు.

నీళ్లు, ఉప్పు

కుళాయి నీళ్లు వాడకూడదనడానికి కారణం మురికి ఒక్కటే కాదు. క్లోరిన్, క్లోరమైన్, ఫాస్ఫేట్, నైట్రేట్, సిలికేట్ అన్నీ వాటిలో ఉండవచ్చు. పైపుల నుంచి రాగి దిగవచ్చు. రాగి ఏ కొంచెం ఉన్నా నత్తలకూ రొయ్యలకూ పగడాలకూ విషం. అందుకే ఆర్‌ఓ తర్వాత, అది వదిలేసిన లవణాలను పట్టే డీఐ రెసిన్ కూడా ఉన్న ఫిల్టర్ కావాలి. బయటికొచ్చే నీటి టీడీఎస్ (కరిగి ఉన్న పదార్థాల కొలత) సున్నా చూపించాలి. 1 దాటడం మొదలైతే రెసిన్ మార్చే సమయం వచ్చినట్టు. తాగే నీటి కోసం పెట్టుకునే మామూలు ఆర్‌ఓలో ఈ చివరి దశ ఉండదు. కొన్నిటిలో ఖనిజాలు తిరిగి కలిపే దశ కూడా ఉంటుంది, అది మనకు అసలే పనికిరాదు.

ఉప్పు కలిపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. డ్రమ్ములో ఉప్పు పోసి పైనుంచి నీళ్లు పోస్తే అడుగున గాఢత విపరీతంగా పెరిగి కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లటి పొడిలా పేరుకుంటాయి. అది మళ్లీ కరగదు. ఆ మేరకు నీళ్లలో రెండూ తగ్గిపోతాయి. కాబట్టి డ్రమ్ములో నీళ్లు నింపి, పంపు తిప్పుతూ, ఉప్పు కొంచెం కొంచెంగా వెయ్యాలి. 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) లవణీయత రావాలంటే లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, ఎందుకంటే ప్యాకెట్ ఉప్పులో కొంత తేమ ఉంటుంది. 200 లీటర్లకు 7 కిలోల పైచిలుకు. నీళ్లు తేటపడి, 25 డిగ్రీలకు వచ్చాక కొలవండి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఉత్తి నీళ్లతో సున్నా చూసి వదిలెయ్యకూడదు, 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూడాలి. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర రెండు మూడు అంకెలు తప్పు చూపించవచ్చు.

ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంక్‌లోనే ఉంటుంది. 200 లీటర్ల ట్యాంక్ నుంచి రోజుకు 4 లీటర్లు ఆవిరై, మూడు రోజులు పట్టించుకోకపోతే లవణీయత 35 నుంచి 37 దాటుతుంది. నాలుగో రోజు ఒక్కసారిగా 12 లీటర్లు పోస్తే అంతే వేగంగా కిందికి పడుతుంది. చేపలు తట్టుకుంటాయేమో గానీ పగడాలకూ రొయ్యలకూ అది పెద్ద దెబ్బ. తగ్గిన నీటిని ఉప్పులేని శుద్ధ నీటితో దానంతట అదే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరం ఖరీదైన లైటు కన్నా ముందు కొనాల్సిన వస్తువు. దాని డబ్బాలో రెండు మూడు రోజులకు సరిపడా నీళ్లే ఉంచండి. సెన్సర్ ఇరుక్కుని డబ్బా మొత్తం ట్యాంక్‌లోకి వచ్చినా అప్పుడు నష్టం పరిమితంగా ఉంటుంది.

రాళ్లు పేర్చేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు: ముందు రాళ్లు గాజు మీద నిలిపి, ఆ తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పెడితే ఇసుక తవ్వే గోబీ చేప ఏదో ఒక రాత్రి వాటిని కూల్చేస్తుంది. సంప్ (ట్యాంక్ కింద పెట్టే రెండో తొట్టి) ఉన్నవారు చేపలు రాకముందే మెయిన్ పంపు ఆపి చూడండి. పైనుంచి దిగే నీళ్లన్నీ సంప్‌లో పట్టాలి. పట్టకపోతే మొదటి కరెంటు కోతలోనే నేలంతా ఉప్పునీళ్లు.

సైకిలింగ్: అంకెలతో చూస్తే

చేపల వ్యర్థాల నుంచీ మిగిలిన మేత నుంచీ అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకునేదాకా ట్యాంక్‌ని నడపడమే సైకిలింగ్. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. రాళ్లనూ ఇసుకనూ అంటిపెట్టుకుని ఉంటుంది, పెరగడమూ నెమ్మదే. డ్రై రాక్‌తో (జీవాలు లేని ఎండు రాళ్లతో) మొదలుపెడితే నాలుగు నుంచి ఆరు వారాలు మామూలు. సీసాలో వచ్చే బ్యాక్టీరియా కలిపితే కొంత తగ్గుతుంది.

దీనికోసం చేపను బలిపెట్టే పద్ధతి ఇక ఎవరూ పాటించకూడదు, అవసరమే లేదు. 200 లీటర్ల నీటిలో సుమారు 1.25 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) అవుతుంది. రెండు రోజులకోసారి కొలిచి రాసుకోండి. మొదట్లో అంకె కదలదు. రెండో వారంలో అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ లేవడం మొదలవుతుంది. అమ్మోనియా సున్నాకి వచ్చాక మళ్లీ 2 పీపీఎం వేసి చూడండి. 24 గంటల్లో అది సున్నా అయితే బ్యాక్టీరియా చేపను మొయ్యగలదని అర్థం. 2 పీపీఎం అమ్మోనియా పూర్తిగా మారితే దాదాపు 7 పీపీఎం నైట్రేట్ రావాలి, ఆ లెక్కతో మీ టెస్ట్ కిట్‌ని కూడా సరిచూసుకోవచ్చు.

నైట్రైట్ గురించి మంచినీటి చేపలు పెంచి వచ్చినవారు ఎక్కువ కంగారుపడతారు. సముద్రపు నీటిలో క్లోరైడ్ అపారంగా ఉండడం వల్ల నైట్రైట్ మొప్పల్లోంచి ఒంట్లోకి అంత తేలిగ్గా పోలేదు, కాబట్టి మామూలు మోతాదుల్లో ప్రమాదం తక్కువ. కానీ చాలా నైట్రేట్ కిట్లు నైట్రైట్‌ని కూడా నైట్రేట్‌గానే లెక్కగట్టి భారీ అంకె చూపిస్తాయి. నైట్రైట్ పోయేదాకా నైట్రేట్ అంకెను నమ్మకండి. ఇన్ని రోజులూ లైటు ఆపేసి ఉంచినా నష్టం లేదు, వెలిగిస్తే పెరిగేది నాచే.

తర్వాత వచ్చే వికారపు నెలలు

సైకిల్ అయిపోయింది, ఒకటి రెండు చిన్న చేపలు వచ్చాయి, లైటు వెలిగింది. పది పదిహేను రోజుల్లో తెల్లటి ఇసుక గోధుమరంగులోకి మారుతుంది. ఎంతోమంది విసిగిపోయి మానేసేది ఇక్కడే. బ్యాక్టీరియా కుదిరినా రాళ్ల పైపొర ఇంకా ఖాళీ స్థలమే. ఖాళీ స్థలాన్ని ముందుగా ఆక్రమించేది వేగంగా పెరిగే రకాలు. ఏది ఏమిటో గుర్తుపట్టడమే ఇక్కడ సగం వైద్యం, ఎందుకంటే ఒకదానికి మందు ఇంకోదానికి ఎరువు.

వేలితో తోస్తే దుమ్ములా లేచిపోయే గోధుమ పొర డయాటమ్‌లది. అవి సిలికేట్ తిని బతుకుతాయి, అది అయిపోగానే పోతాయి. ఏమీ చెయ్యక్కర్లేదు, కొన్ని నత్తలు వేస్తే చాలు. అది కూడా పొర కనపడ్డాకే, ముందే వేస్తే ఆకలితో చస్తాయి. ముదురు ఎరుపులో దుప్పటిలా పరుచుకుని, పీలిస్తే పొరలు పొరలుగా ఊడివచ్చేది సయనోబ్యాక్టీరియా. పైపుతో లాగెయ్యండి, ఆ మూలకు ప్రవాహం పెంచండి, మేత తగ్గించండి. వెంట్రుకల్లా పెరిగే పచ్చనాచును చేత్తో పీకి బయటపడెయ్యడమే మొదటి మందు. ఆ నాచు ఉన్నంతకాలం ఫాస్ఫేట్ టెస్ట్ సున్నా చూపించినా ఆశ్చర్యం లేదు, ఉన్నదంతా అదే తాగేస్తోంది.

నాలుగోది డైనోఫ్లాజెలేట్‌లు. ముక్కు చీమిడిలా సాగే గోధుమ తీగలు, వాటి కొసల్లో గాలిబుడగలు. సాయంత్రానికి చిక్కగా ఉండి, లైటు ఆరాక పల్చబడి, మర్నాడు మళ్లీ వస్తాయి. తరచుగా ఇవి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంక్‌లో విజృంభిస్తాయి, పోటీకొచ్చే బ్యాక్టీరియా, మామూలు నాచు ఆకలితో వెనకబడడం వల్ల. డయాటమ్‌లు అనుకుని నీళ్లు మార్చి, ఫాస్ఫేట్ పీల్చే మందు పెట్టి, మేత ఆపేస్తే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. చెయ్యాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం: నైట్రేట్ 5 పీపీఎం పైన, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలిచేలా చూడాలి. అనుమానం ఉంటే చౌక మైక్రోస్కోప్ కింద ఒక చుక్క పెట్టి చూడండి. డైనోలు ఈదుతూ, గిరగిరా తిరుగుతూ కనపడతాయి.

ఈ నెలల్లో పాటించాల్సిన నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు, దాని ఫలితం చూడడానికి కనీసం రెండు వారాలు. లైటు గంటలు తగ్గించి, అదే రోజు మందు వేసి, కొత్త ఫిల్టర్ పెట్టినవారికి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైనా ఎందుకు పాడైందో తెలియదు.

చేప ఇంటికి వచ్చిన రోజు

సంచిలో గంటల తరబడి ప్రయాణించిన చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీటి పీహెచ్ బాగా పడిపోతుంది. అది ఒక రకంగా చేపను కాపాడుతుంది, ఎందుకంటే తక్కువ పీహెచ్‌లో అమ్మోనియాలో ఎక్కువ భాగం విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపు అమ్మోనియా వాటా దాదాపు పదింతలవుతుంది. దూరం నుంచి వచ్చిన చేపను సంచి విప్పి, అదే నీటిలో రెండు గంటలు చుక్కచుక్కగా అలవాటు చెయ్యడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంక్ లవణీయతను సంచి నీటికి దగ్గరగా ముందే సిద్ధం చేసుకుని, సంచిని ఇరవై నిమిషాలు తేలనిచ్చి వేడిమి సమం చేసి, విప్పగానే చేపను మాత్రమే వదలాలి. సంచి నీళ్లు పారబొయ్యాలి. రొయ్యలు, నత్తల సంగతి వేరు. అవి లవణీయత తేడాను తట్టుకోలేవు, వాటికి నెమ్మదే మంచిది.

క్వారంటైన్ అంటే ఇసుక, రాళ్లు లేని చిన్న ట్యాంక్, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి రెండు ప్లాస్టిక్ పైపు ముక్కలు. ఇది ఎందుకు తప్పదో, చేపలకు తెల్లచుక్కల జబ్బు తెచ్చే మెరైన్ ఇక్ అనే పరాన్నజీవి జీవితచక్రం చూస్తే తెలుస్తుంది. చేప ఒంటి మీద కనపడే తెల్లచుక్క ఆ పరాన్నజీవి జీవితంలో ఒక దశ మాత్రమే. కొన్ని రోజుల్లో అది రాలిపోయి రాయికో ఇసుకకో అతుక్కుని గుల్ల కట్టుకుంటుంది. చుక్కలు పోయాయని మనం సంతోషించేది అప్పుడే. గుల్ల పగిలితే వందల కొద్దీ పిల్లలు చేపల కోసం ఈదుతూ వస్తాయి. రాగి మందుతో చేపను బాగుచెయ్యవచ్చు, కానీ రీఫ్ ట్యాంక్‌లో రాగి వెయ్యలేం. కాబట్టి ఒకసారి లోపలికి వస్తే చేపలన్నిటినీ పట్టి వేరే ట్యాంక్‌లో వైద్యం చెయ్యాలి, రీఫ్‌ను 76 రోజులు చేప అన్నదే లేకుండా ఖాళీగా ఉంచాలి. ముందు క్వారంటైన్‌తో నెలా నెలన్నర ఆగడం ఇష్టంలేక ఆ తర్వాత రెండున్నర నెలలు ఆగాల్సి వస్తుంది, పైగా ఆ రాళ్ల మధ్య ఒక్క చేపను పట్టాలన్నా రాళ్లన్నీ తియ్యాలి.

పగడాలకూ ఇదే వర్తిస్తుంది. వచ్చిన ప్రతి ముక్కనూ పురుగులను చంపే డిప్ ద్రావణంలో ముంచి జాడించాలి, వారం తర్వాత మళ్లీ ముంచాలి, ఎందుకంటే డిప్‌కి పురుగులు చస్తాయి గానీ గుడ్లు చావవు. వీలైతే అది అతికి వచ్చిన ప్లగ్ (చిన్న దిమ్మ) తీసేసి కొత్తది పెట్టండి. ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్త కూడా ఒకటి ఉంది. జోయాంథిడ్, పాలిథోవా పగడాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వాటిని కోసేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అవి ఉన్న రాయిని శుభ్రం చేద్దామని మరిగించడం, వేడినీళ్లు పోసి తోమడం ఎన్నడూ చెయ్యకూడదు. ఆవిరితో విషం ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

పగడాలు తినే లెక్క

పగడం ఎముక అంటే కాల్షియం కార్బొనేట్. అందుకే కాల్షియం 400–450 పీపీఎం, ఆల్కలినిటీ 7–11 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం), మెగ్నీషియం 1250–1350 పీపీఎం మధ్య ఉంచాలంటారు. ఈ హద్దుల్లో ఏ అంకె అన్నదానికన్నా అది కదలకుండా ఉండడం ముఖ్యం. రోజూ 8 దగ్గర ఉండే ట్యాంక్ హాయిగా ఉంటుంది. ఇవాళ 7, ఎల్లుండి 10 అయ్యే ట్యాంక్‌లో అక్రొపోరా కొసలు కాలినట్టు తెల్లబడి చర్మం ఊడుతుంది. అందరికన్నా ముందు కదిలేది ఆల్కలినిటీయే: 2.8 డీకేహెచ్ ఖర్చయ్యేటప్పటికి కాల్షియం తగ్గేది 20 పీపీఎమ్మే. కాబట్టి వారంలో ఎక్కువసార్లు కొలవాల్సింది దాన్నే.

లెక్క కష్టమేమీ కాదు. ఒకే వేళకు, రెండు రోజుల తేడాతో కొలవండి. 8.4 నుంచి 8.0కి వచ్చిందంటే రోజుకు 0.2 డీకేహెచ్ ఖర్చు. 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి సుమారు 3 గ్రాముల సోడియం బైకార్బొనేట్ పడుతుంది. ఆ ప్రకారం 200 లీటర్ల ట్యాంక్‌కు రోజుకు 1.2 గ్రాములు, శుద్ధ నీటిలో కరిగించి ప్రవాహం ఉన్నచోట పొయ్యాలి. ఎంత తక్కువగా ఉన్నా ఒక్క రోజులో 1 డీకేహెచ్ మించి పెంచకండి. మెత్తటి పగడాలే ఉన్న ట్యాంక్‌లో వారానికి పదోవంతు నీళ్లు మారిస్తే చాలు, విడిగా ఏదీ పొయ్యక్కర్లేదు. కొలత చూడకుండా ఏ సీసా మూతా తియ్యకండి.

ఇక అక్రొపోరా. ట్యాంక్‌కు ఎనిమిది, పది నెలలు నిండి, రాళ్ల మీద ఊదారంగు కోరలైన్ నాచు మచ్చలు వ్యాపించి, రెండు నెలల ఆల్కలినిటీ అంకెలు అర డీకేహెచ్ లోపలే తిరుగుతున్నాయంటే ఒకే ఒక్క చవకైన ముక్క పెట్టి చూడండి. మొదట ఇసుక దగ్గర, తక్కువ వెలుగులో పెట్టండి. రెండు మూడు వారాలు గడిచాక కొద్దికొద్దిగా పైకి జరపండి. దాని మొదలు ప్లగ్ మీదికి పలచటి పూతలా పాకుతూ, కొసల్లో లేత రంగు కనపడితే అది పెరుగుతోంది. ఆ రోజు నుంచి ట్యాంక్ ఆల్కలినిటీ ఖర్చు మారుతుంది. రెండో ముక్క తెచ్చేలోపు వారంపాటు రోజూ కొలిచి కొత్త లెక్క రాసుకోండి.